మూడు నిమిషాల మైకు

న్యూయార్క్‌లో రైలెక్కి దక్షిణంగా గంటకు పైగా ప్రయాణం చేస్తే ప్రిన్స్‌టన్ జంక్షన్ వస్తుంది. పేరు చూసి అక్కడే విశ్వవిద్యాలయం ఉంటుందనుకుని దిగేవాళ్లకి నిరాశ తప్పదు. అది ఇంకో మూడు మైళ్ల అవతల. దానికోసం ‘డింకీ’ అనే బుల్లి రైలు ఎక్కాలి. ఈ జంక్షన్ ఉన్నది వెస్ట్ విండ్సర్ అనే ఊళ్లో. పొద్దున్నే వేల మంది ఇక్కడ కార్లు పెట్టి న్యూయార్క్ రైలు పట్టుకుంటారు. స్టేషన్లో కారు పెట్టుకునే పర్మిట్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు ఈ ఊళ్లో బోలెడు మంది.

పక్కనే ప్లెయిన్స్‌బరో. వెస్ట్ విండ్సర్ జనాభా 29 వేల పైచిలుకు, ప్లెయిన్స్‌బరో 24 వేలు. మన లెక్కల్లో చెప్పాలంటే రెండూ కలిసినా ఓ మోస్తరు పట్టణం. కానీ ఈ రెండు ఊళ్ల బడి సమావేశాలు 2015లో అమెరికా మొత్తం చెప్పుకునే వార్త అయ్యాయి. ఎందుకో తెలియాలంటే ముందు ఊళ్ల సంగతి చూడాలి.

అంగారక జీవులు ‘దిగిన’ చోటు

వెస్ట్ విండ్సర్‌లో గ్రోవర్స్ మిల్ అని ఓ పేట. చిన్న చెరువు, పాత మర, నాలుగు చెట్లు. 1938 అక్టోబరు 30న ఆర్సన్ వెల్స్ రేడియోలో ఓ నాటకం వేశాడు. అంగారక గ్రహవాసులు భూమ్మీదికి దండెత్తి వచ్చారనీ, మొదట దిగింది గ్రోవర్స్ మిల్‌లోననీ అందులో వార్తల ఫక్కీలో చెప్పారు. నిజమేననుకుని హడలిపోయినవాళ్లు చాలామందే. ఇక్కడి నీళ్ల ట్యాంకునే శత్రువుల యంత్రమనుకుని తుపాకీ పేల్చారని ఊళ్లో ఇప్పటికీ కథలుగా చెబుతారు. యాభై ఏళ్ల తర్వాత, 1988లో, పక్కనున్న వాన్ నెస్ట్ పార్కులో దానికో స్మారక ఫలకం కూడా పెట్టారు. రాని అతిథులకు గుర్తుగా ఫలకం పెట్టుకున్న ఊరు ప్రపంచంలో ఇదొక్కటేనేమో!

ప్లెయిన్స్‌బరోది పాడి కథ. ఇక్కడి వాకర్ గోర్డాన్ డెయిరీలో 1930లో ‘రోటోలాక్టర్’ అనే యంత్రం పెట్టారు. రంగులరాట్నంలా తిరిగే వేదిక మీద ఒకేసారి యాభై ఆవుల పాలు పితికేవారు. చూడ్డానికి జనం బారులు తీరేవారట. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఓ ఆవును ఎంచి, బోర్డెన్ పాల కంపెనీ ‘ఎల్సీ’గా దేశానికి పరిచయం చేసింది. రెండేళ్లకే చనిపోయిన ఆ ఆవు పేరిట ప్లెయిన్స్‌బరోలో ఓ రాయి ఉంది. ఆ డెయిరీ భూముల్లో ఇప్పుడు ఉన్నవి ఇళ్లు.

ఆవులు పోయి ఇళ్లెందుకు వచ్చాయంటే... రైలు, ఒకటో నంబరు రహదారి, దాని పొడవునా ఆఫీసులు. మందుల కంపెనీలు, బ్యాంకుల కంప్యూటర్ విభాగాలు. నోవో నార్డిస్క్ అమెరికా ప్రధాన కార్యాలయం ప్లెయిన్స్‌బరోలోనే. మన హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ అమెరికా కార్యాలయం కూడా ఈ చుట్టుపక్కలే, ప్రిన్స్‌టన్ చిరునామాతో ఉంది. ఉద్యోగాల వెంట చైనా నుంచి, కొరియా నుంచి, భారతదేశం నుంచి కుటుంబాలు వచ్చాయి. వాటిలో తెలుగువాళ్లూ తక్కువేం కాదు. మొదట ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లో అద్దెకు దిగడం, పిల్లలు బడికి వచ్చేసరికి ఇల్లు కొనుక్కోవడం చాలామంది నడిచిన దారే. కొనేటప్పుడు వాస్తు ఒక్కటే చూడరు. ఏ బడి పరిధిలోకి వస్తుందో ముందు చూస్తారు.

రెండు ఊళ్లు, రెండు జిల్లాలు, ఒకే బడి

వెస్ట్ విండ్సర్ మెర్సర్ కౌంటీలో ఉంది, ప్లెయిన్స్‌బరో మిడిల్‌సెక్స్ కౌంటీలో. అంటే రెండు వేర్వేరు జిల్లాలన్నమాట. పాలన తీరూ వేరే. వెస్ట్ విండ్సర్‌లో మేయర్‌ని జనం నేరుగా ఎన్నుకుంటారు, పక్కన ఐదుగురు సభ్యుల కౌన్సిల్ ఉంటుంది. ప్లెయిన్స్‌బరోలో ఐదుగురి కమిటీని జనం ఎన్నుకుంటే, వాళ్లే తమలో ఒకర్ని మేయర్ చేసుకుంటారు. కానీ బడులు మాత్రం ఉమ్మడి. మొదటి హైస్కూలు 1973లో, రెండోది 1997లో తెరిచారు.

ఆ బడుల్ని నడిపేది మేయర్లు కాదు, కౌన్సిల్ కాదు, విద్యాశాఖ మంత్రి అసలే కాదు. తొమ్మిది మంది స్కూలు బోర్డు. వెస్ట్ విండ్సర్ నుంచి ఐదుగురు, ప్లెయిన్స్‌బరో నుంచి నలుగురు. మూడేళ్ల పదవి. జీతం లేదు. న్యూజెర్సీ చట్టం ప్రకారం బోర్డు సభ్యులకి జీతం ఇవ్వకూడదు కూడా. పార్టీ గుర్తుల్లేవు. గెలిచాక వేలిముద్రలిచ్చి నేరచరిత్ర లేదని తేల్చుకోవాలి, నీతి నియమాల శిక్షణ తీసుకోవాలి. సూపరింటెండెంట్‌ని నియమించేది, బడ్జెట్ ఆమోదించేది, పాఠ్యక్రమం, సెలవులు, బస్సులు, టీచర్ల ఒప్పందం... అన్నీ వీళ్ల చేతుల మీదుగానే. పగలంతా ఏ బ్యాంకులోనో, లాబొరేటరీలోనో పనిచేసి సాయంత్రం వచ్చి కూర్చునే మనుషులు.

మన దగ్గర మండల విద్యాధికారి ఎవరో తెలియని తల్లిదండ్రులకి ఇది వింతగా ఉంటుంది. విద్యాహక్కు చట్టం వచ్చాక మన ప్రభుత్వ బడుల్లోనూ యాజమాన్య కమిటీలున్నాయి, వాటిలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలన్న నిబంధన కూడా ఉంది. అయితే పన్ను వేసే అధికారం వాళ్లకి లేదు. ఇక్కడి బోర్డుకి ఉంది. తేడా అంతా అక్కడే.

సుత్తి, జెండా, నోటీసు

సమావేశం తీరు ఎప్పుడూ ఒకటే. అధ్యక్ష స్థానంలో ఉన్నవారు సుత్తి కొడతారు. అందరూ లేచి జెండావందనం చేస్తారు. హాజరు పిలుస్తారు. తర్వాత ఓ ప్రకటన చదువుతారు. ఫలానా రోజున ఈ సమావేశానికి నోటీసు ఇచ్చాం, ఫలానా చోట అంటించాం అని. వినేవాళ్లకి సత్యనారాయణ వ్రతంలో సంకల్పంలా అనిపిస్తుంది... చదివేవారికి కంఠతా వచ్చు, వినేవారు పట్టించుకోరు. కానీ అది చదవకపోతే ఇబ్బందే. 1975 నాటి బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం సమావేశానికి కనీసం 48 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. ఇవ్వకుండా చేసిన తీర్మానాన్ని ఎవరైనా కోర్టులో సవాలు చేయొచ్చు.

తలుపులు మూసి మాట్లాడుకోవడానికీ వీలుంది. ఉద్యోగుల విషయాలు, కోర్టు వ్యాజ్యాలు, ఓ విద్యార్థి వ్యక్తిగత సంగతి లాంటివాటికి మాత్రమే. అదీ ‘ఇందుకోసం లోపలికి వెళ్తున్నాం’ అని ముందు అందరి ఎదుటా తీర్మానం చేశాకే.

ఇక అసలు ఘట్టం, ప్రజల వంతు. హాలు మధ్యలో ఓ మైకు. వరసలో నిలబడి, పేరు, ఊరు చెప్పి మాట్లాడాలి. చాలా బోర్డుల్లో మనిషికి మూడు నిమిషాలు ఇస్తారు. గడియారం నడుస్తూనే ఉంటుంది. బోర్డు సభ్యులు సాధారణంగా జవాబివ్వరు, వింటారంతే. మొదటిసారి వచ్చినవాళ్లకి అది అవమానంలా తోస్తుంది. ఇంత మాట్లాడితే ఒక్కరూ నోరు విప్పరేంటి? నిజానికి అది మర్యాదే. మూడు నిమిషాలూ మాట్లాడేవారివి.

మాట్లాడే సంగతులు ఎక్కువగా చిన్నవే. బస్సు మలుపు దగ్గర కాలిబాట లేదు. ఆల్జీబ్రా టీచరు సెలవులో వెళ్తే బదులు ఎవరూ రాలేదు. ఫుట్‌బాల్ మైదానంలో లైట్లు ఇళ్లలోకి పడుతున్నాయి. చాలా సాయంత్రాలు హాల్లో జనం కంటే కుర్చీలే ఎక్కువ. ఓ తీర్మానం, దాన్ని బలపరచడం, పేరు పేరునా ఓటు... రాత్రి పదవుతుంది. ఈ విసుగంతా భరించినవాళ్లకే ఊరి లోగుట్టు తెలుస్తుంది. హేమంత్ మరాఠే అలా వచ్చినవారే. ఈ స్కూలు బోర్డుకి అధ్యక్షుడిగా చేశారు, తర్వాత వెస్ట్ విండ్సర్ కౌన్సిల్‌కి వెళ్లారు, 2018 జనవరిలో ఆ ఊరి మేయరయ్యారు.

పన్ను కాగితం

ఆసక్తి లేనివాళ్లని కూడా సమావేశానికి లాక్కొచ్చేది ఇంటిపన్ను. అమెరికాలో సగటున అత్యధిక ఇంటిపన్ను కట్టేది న్యూజెర్సీ వాళ్లే. 2024లో రాష్ట్ర సగటు ఏడాదికి 10 వేల డాలర్లు దాటింది. అందులో సగానికి పైగా బడులకే. కాస్త డబ్బున్న ఊళ్లకి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే సాయం తక్కువ, భారం ఊరివాళ్లదే.

రెండు ఊళ్ల ఉమ్మడి బడి కాబట్టి ఇక్కడ ఇంకో చిక్కు. ఎవరి వాటా ఎంతన్నది రెండు ఊళ్ల ఆస్తుల మార్కెట్ విలువని బట్టి తేలుతుంది. ఒక ఊళ్లో ఇళ్ల ధరలు ఎక్కువ పెరిగితే, బడ్జెట్ పైసా పెరగకపోయినా ఆ ఊరి వాటా పెరుగుతుంది. రెండో ఊరిది తగ్గుతుంది. అన్నదమ్ముల ఉమ్మడి కాపురంలో లెక్కల్లాగే, ఎంత వివరంగా చెప్పినా ఒకరికి అనుమానం మిగులుతుంది.

ఒకప్పుడు ఏటా ఏప్రిల్‌లో బడి బడ్జెట్‌ని జనం ఓటుకే పెట్టేవారు. నచ్చకపోతే ఓడించేవారు. 2010లో న్యూజెర్సీలో సగానికి పైగా బడ్జెట్లు అలా ఓడిపోయాయి. అదే ఏడాది పన్ను పెంపు 2 శాతానికి మించకూడదని చట్టం తెచ్చారు. 2012లో మరో చట్టం వచ్చింది. బోర్డు ఎన్నికల్ని నవంబరు సాధారణ ఎన్నికలతో కలిపితే, 2 శాతం లోపు బడ్జెట్‌కి ఓటింగ్ అక్కర్లేదంది. చాలా జిల్లాలు అటే మొగ్గాయి. ఎన్నికల్లో ఓటర్ల సంఖ్య పెరిగింది. కానీ బడ్జెట్ మీద ‘కాదు’ అని నేరుగా గీత పెట్టే అవకాశం పోయింది. ఇది లాభమో నష్టమో గానీ, ఆ కోపమంతా మైకు దగ్గరికి మళ్లింది.

2015... పదహారు పేజీల ఉత్తరం

ఆ ఏడాదికి ఈ బడుల్లో 9,700 మంది పిల్లలు. వాళ్లలో 65 శాతం ఆసియా కుటుంబాలవాళ్లు. మార్కులు, ఒలింపియాడ్ పతకాలు, పేరున్న విశ్వవిద్యాలయాల్లో సీట్లు... దేనికీ కొదవలేదు. అక్టోబరులో సూపరింటెండెంట్ డేవిడ్ ఆడర్‌హోల్డ్ తల్లిదండ్రులందరికీ 16 పేజీల ఉత్తరం రాశారు. పిల్లలు ఒత్తిడితో నలిగిపోతున్నారన్నది అందులో సారాంశం. అంతకుముందు ఏడాది మిడిల్, హైస్కూలు పిల్లల్లో 120 మందికి మానసిక ఆరోగ్య పరీక్ష అవసరమని సిఫార్సు చేశారు. 40 మందిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో హైస్కూలు పిల్లల వరస ఆత్మహత్యలు దేశాన్ని కుదిపేసిన రోజులవి. ఆ పరిస్థితి ఇక్కడికి రాకూడదన్నదే ఆయన ఆందోళన.

మార్పులు ప్రకటించారు. హైస్కూల్లో అర్ధ సంవత్సర, సంవత్సరాంత పరీక్షలు ఎత్తేశారు. కొన్ని రాత్రులు హోంవర్క్ ఉండదన్నారు. నాలుగో తరగతి నుంచే మొదలయ్యే వేగవంతమైన గణితం ఇక ఆరో తరగతి నుంచే ఉంటుందన్నారు. సంగీతం తరగతిలో అపశ్రుతి పలికే పిల్లలకీ చోటివ్వాలన్నారు. వయొలిన్ కీచుమన్నా సరే, వాయించే హక్కు ప్రతి పిల్లాడికీ ఉంటుందని!

హాళ్లు నిండిపోయాయి.

ఆ గణితం తరగతిలో ఉన్నవాళ్లలో 90 శాతం దాకా ఆసియా పిల్లలే. వాళ్ల తల్లిదండ్రులకి ఇది తమ మీద దెబ్బలా తోచింది. చదువు స్థాయి దించేస్తున్నారన్నారు. ఈ దేశంలో మాకు తాతల ఆస్తుల్లేవు, తెలిసిన పెద్ద మనుషుల్లేరు, మా పిల్లలకి ఉన్నది లెక్కలూ సైన్సే, వాటినీ తగ్గిస్తే ఎలా అన్నది వాళ్ల వాదన. అవతలివైపు ఎక్కువగా తెల్ల కుటుంబాలు. పిల్లలకి నిద్ర లేదు, ఆట లేదు, ఓ బి గ్రేడ్ వస్తే ప్రపంచం మునిగిపోయినట్లు ఏడుస్తున్నారన్నారు. డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ దీన్ని జాతుల మధ్య గీతగా చూపించింది.

ఆ గీత అంత సూటిగా ఏం లేదు. మార్పులు మంచివేనన్న ఆసియా తల్లిదండ్రులూ ఉన్నారు, ముఖ్యంగా అమెరికాలోనే పుట్టి పెరిగినవాళ్లు. తాము అనుభవించింది తమ పిల్లలకి వద్దనుకున్నారు. ఒకే ఇంట్లో రెండు అభిప్రాయాలు ఉండటంలోనూ వింత లేదు. ఎంసెట్ ర్యాంకు కోసం ఇంటర్ రెండేళ్లు హాస్టల్ గోడల మధ్య గడిపి, ఆ చదువుతోనే విమానమెక్కిన మనిషికి ‘ఒత్తిడి’ అన్న మాట ఎలా వినిపిస్తుంది? తనని ఇక్కడిదాకా తెచ్చింది అదేననిపిస్తుంది. అదే హాస్టల్లో పక్క మంచం ఖాళీ అయిన రోజు గుర్తున్నవాళ్లకి ఇంకోలా వినిపిస్తుంది. తెలుగు కుటుంబాలకి ఈ గొడవ వెస్ట్ విండ్సర్‌లో కొత్తగా పరిచయమైంది కాదు. కొత్తదల్లా దాన్ని గురించి అందరి ముందూ, రికార్డయ్యేలా మాట్లాడాల్సి రావడం.

మాట్లాడటం కూడా తేలికేం కాదు. ఆఫీసులో ఇంగ్లిషులో గంటలు గంటలు ప్రజెంటేషన్ ఇచ్చేవాళ్లే ఈ మైకు ముందు తడబడతారు. ఎందుకంటే ఇక్కడ చెప్పాల్సింది సొంత పిల్లాడి గురించి. పైగా మన ఇళ్లలో పిల్లల దిగులు బయటికి చెప్పే మాట కాదు. వందల మంది తల్లిదండ్రుల్లో ఆ 40 కుటుంబాలు కూడా ఎక్కడో ఉండి ఉంటాయి. మైకు దగ్గరికి ఎవరు వచ్చారో లెక్క ఉంటుంది, ఎవరు రాలేకపోయారో ఉండదు.

బోర్డు వెనక్కి తగ్గలేదు. మార్పులు అమల్లోకి వచ్చాయి. ఊరు మాత్రం ఖాళీ కాలేదు. ఇళ్ల ధరలు పడిపోతాయన్న భయమూ నిజం కాలేదు. సాయంత్రం ప్రైవేటు గణితం కేంద్రాలు ఎప్పట్లాగే నడిచాయి.

పొలం, ఇళ్లు, గోదాములు

బడిని నింపేది ఇళ్లు, ఇళ్లకి అనుమతి ఇచ్చేది టౌన్‌షిప్. అందుకే ఇక్కడ కౌన్సిల్ సమావేశంలో భూమి గురించి మాట్లాడితే చాలు, రెండో వాక్యంలో బడి వస్తుంది. ఒకటో నంబరు రహదారి పక్కన ఒకప్పుడు అమెరికన్ సైనమిడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉండేది. దాదాపు 650 ఎకరాలు. తర్వాత అది హోవర్డ్ హ్యూస్ కార్పొరేషన్ చేతికొచ్చింది. అక్కడ సుమారు రెండు వేల ఇళ్లు, దుకాణాలు కడతామని 2010ల్లో వాళ్లు ప్రతిపాదిస్తే ఊరు ఉలిక్కిపడింది. రెండు వేల ఇళ్లంటే ఎంతమంది పిల్లలు, ఎన్ని తరగతి గదులు, పన్ను ఎంత? మైకు దగ్గర అవే లెక్కలు. వ్యవహారం కోర్టుదాకా వెళ్లింది. భూమి చేతులు మారింది. చివరికి ఇళ్ల బదులు పెద్ద పెద్ద గోదాములకి దారి ఏర్పడింది. గోదాములకి పిల్లలుండరు కదా! లారీలుంటాయి. తర్వాత సమావేశాల్లో లారీల గోల మొదలైంది.

న్యూజెర్సీలో అభివృద్ధి చెందుతున్న ఊళ్లు తక్కువ ఆదాయం వారి ఇళ్లకీ అవకాశం ఇవ్వాలని 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు మౌంట్ లారెల్ కేసులో తీర్పిచ్చింది. దాన్ని అమలు చేయడం మీద అప్పట్నుంచీ పెనుగులాటే. బడి నిండిపోతుందన్న మాట నిజమైన ఆందోళనే. ఒక్కోసారి అది ‘మేం వచ్చేశాం, ఇక తలుపు వేసేయండి’ అనడానికి మర్యాదైన పద్ధతి కూడా. మొన్న వచ్చినవాళ్లే ఆ మాట అంటే విడ్డూరంగా ఉంటుంది.

పిల్లలు రానే వచ్చారు. గదులు చాలక, బడుల విస్తరణకి సుమారు 11.5 కోట్ల డాలర్ల బాండ్ల ప్రతిపాదనని 2018 నవంబరులో ఓటుకి పెడితే రెండు ఊళ్లవాళ్లూ ఆమోదించారు.

ఓటు లేనివాళ్ల వరస

బోర్డుకి పోటీ చేయాలన్నా, ఓటెయ్యాలన్నా అమెరికా పౌరసత్వం ఉండాలి. హెచ్1బి మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు, గ్రీన్‌కార్డు వచ్చినా లేదు. భారతీయుల గ్రీన్‌కార్డు వరస ఎంత పొడవో తెలిసిందే. కిండర్‌గార్టెన్‌లో చేరిన పిల్ల హైస్కూలు ముగించేదాకా కూడా తండ్రి ఆ వరసలోనే ఉండొచ్చు. పదమూడేళ్లు పన్ను కడతాడు, ఒక్కసారీ బోర్డుకి ఓటెయ్యలేడు. మైకు మాత్రం పౌరసత్వం అడగదు. ఆ మూడు నిమిషాలే అతని ఓటు.

పౌరసత్వం వచ్చాక పోటీకి పెద్ద తతంగం లేదు. జులై చివర్లో గడువులోపు కొద్దిమంది ఓటర్ల సంతకాలతో పత్రం ఇస్తే చాలు. ఖర్చు కూడా తక్కువే. తెలిసినవాళ్లకి ఈమెయిళ్లు, పెరట్లో గుచ్చే అట్టలు, సూపర్‌మార్కెట్ ముందు నిలబడి నమస్కారాలు. అయినా ముందుకొచ్చేవాళ్లు తక్కువ. పిల్లల చదువు కోసం ఇల్లు మార్చేవాళ్లు దొరికినంత తేలిగ్గా, ఆ చదువు కోసం మూడేళ్లు సాయంత్రాలు వదులుకునేవాళ్లు దొరకరు.

ఏటా తప్పకుండా జనాన్ని రప్పించే అంశం ఇంకోటుంది. సెలవుల క్యాలెండర్. న్యూజెర్సీలో ఏడాదికి 180 రోజులు బడి నడవాలి. యూదుల పండగలు, క్రిస్మస్, ఈస్టర్ ఎప్పట్నుంచో ఉన్నాయి. చైనా కొత్త సంవత్సరం, ఈద్, దీపావళి అడిగే కుటుంబాలు పెరిగాయి. సెంట్రల్ జెర్సీలో పలు జిల్లాలు ఇప్పుడు దీపావళికి సెలవిస్తున్నాయి. ఒక్కో సెలవు ఇచ్చినప్పుడల్లా జూన్‌లో ఓ రోజు బడి పెరుగుతుంది. ఆ ఎండకి, ఏసీ లేని గదుల్లో కూర్చోబెడతారా అని ఎవరో ఒకరు లేస్తారు. అమావాస్య ఆదివారం పడిన ఏడాది సెలవు సోమవారం ఇవ్వాలా వద్దా అని ఇంకొకరు. దీపావళి తిథి ప్రతి ఏడూ ఎందుకు మారుతుందో పొరుగువాళ్లకి విడమరిచి చెప్పడానికి మూడు నిమిషాలు బొత్తిగా చాలవు. అంతా అయ్యాక ఓటింగ్ జరుగుతుంది, క్యాలెండర్ అచ్చవుతుంది, ఫ్రిజ్ తలుపుల మీదికి చేరుతుంది. ఫిబ్రవరిలో ఓ మంచు తుపాను పడిందంటే, జూన్‌లో బడి మూసే తేదీ మళ్లీ ఓ రోజు వెనక్కి జరుగుతుంది.